ఎత్తుబాటలో ఇద్దరు

ప్రవేశిక

ఇంధనం అక్కరలేకుండా, మనిషిని అతని కండబలంతోనే దూరాలకు చేర్చగల వాహనం సైకిలు. చదునైన నేలపై అది అందరికీ చుట్టమే. ఎత్తు ఎదురైనప్పుడే దాని స్వభావమూ, తొక్కేవారి స్వభావమూ బయటపడతాయి. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో దంపతులు ఒక్కరోజులో చేయదగిన సైకిలు యాత్రను, 1897లో భారతదేశ యాత్ర మొదలుపెట్టిన మరొక జంట అనుభవాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

హైదరాబాదు నగరం దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. అయినా నగరవాసులు తాము కొండమీద కాపురం ఉంటున్నట్లు ఎన్నడూ తలచరు. ఈ పీఠభూమి పలకలా చదునైనది కాదు. దీని పునాది ఇంచుమించు రెండువందల యాభై కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. అది ఎండకు పగిలి, వానకు అరిగి, మెత్తని భాగాలు కొట్టుకొనిపోగా గట్టి భాగాలు గుట్టలుగా, ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లుండే బండలుగా మిగిలాయి. పల్లపు చోట్ల పూర్వులు కట్టలు వేసి నీటిని నిలిపారు. అందువల్లనే ఇక్కడ ఏ దిక్కుకు పోయినా కాసేపటికి ఒక మిట్ట, ఆ వెంటనే ఒక చెరువు ఎదురవుతాయి. కారులో పోయేవారికి ఈ మిట్టపల్లాలు తెలియవు. సైకిలు తొక్కేవారి మోకాళ్ళకు మాత్రం ప్రతి మిట్టతోనూ విడిగా పరిచయం కలుగుతుంది.

మేడ్చల్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి కన్యాకుమారిని శ్రీనగరుతో కలుపుతుంది. పూర్వం దాని సంఖ్య 7. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి కరీంనగరం వైపు సాగుతుంది. ఒకనాడు రంగారెడ్డి జిల్లాలో భాగమై, ద్రాక్షతోటలకు పేరొందిన ఈ ప్రాంతం 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. తోటలు చాలావరకు పోయి వాటి స్థానంలో ఇళ్ళు, గోదాములు, కర్మాగారాలు వచ్చాయి. శామీర్‌పేటలో న్యాయవిద్యకు ప్రసిద్ధమైన నల్సార్ విశ్వవిద్యాలయం ఉంది. దానికి ఉత్తరాన ఔషధ పరిశోధన సంస్థల సముదాయమైన జీనోమ్ వ్యాలీ విస్తరించింది. ఇన్ని మారినా నేల వాలు మారలేదు. పాలబిందెలు కట్టుకొని నగరానికి సైకిలు తొక్కిన నిన్నటి తరానికి ఏ మిట్ట ఆయాసం కలిగించిందో, నేడు వినోదం కోసం తొక్కేవారికీ అదే మిట్ట ఆయాసం కలిగిస్తున్నది. ఆ పాలవారిని యాత్రికులని ఎవరూ అనలేదు. వారు తొక్కిన దూరాలకు మాత్రం ఏ యాత్రికుడూ తీసిపోయాడనలేము.

మేడ్చల్‌లో నివసించే దంపతులు చలికాలపు ఆదివారం ఒకనాడు తెల్లవారకముందే చెరొక సైకిలుపై బయలుదేరారనుకోవచ్చు. ముందు శామీర్‌పేట చెరువు, అక్కడినుండి కీసరగుట్ట, తిరిగి అదే దారిన ఇల్లు. రానుపోను అరవై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉండే ప్రయాణమిది. తెల్లవారకముందే బయలుదేరటానికి కారణం సూర్యోదయ శోభ ఒక్కటే కాదు. పొద్దెక్కితే లారీల రాకపోకలు పెరుగుతాయి. నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. దాని పక్కన సాగే సర్వీసు రోడ్లే సైకిలువారికి దిక్కు. 2023లో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ఒకటి ప్రారంభమైనా, అది నగరానికి పడమటి వైపున ఉంది. కాబట్టి ఈ దంపతులు వెనుక ఎర్రదీపం, తలకు శిరస్త్రాణం, ముదురురంగు కాని దుస్తులు ధరించి, రోడ్డు అంచున ఒకరి వెనుక ఒకరు సాగక తప్పదు. పక్కపక్కన తొక్కుతూ ముచ్చటించుకొనే భాగ్యం సందురోడ్లలోనే దక్కుతుంది.

చదునైన దారిలో ఒకరి వెనుక ఒకరు సాగటంలో రక్షణ ఒక్కటే కాక మరొక లాభమూ ఉంది. గంటకు ఇరవై, ఇరవైఐదు కిలోమీటర్ల వేగంలో సైకిలు తొక్కేవారి శ్రమలో అధికభాగం గాలిని చీల్చటానికే సరిపోతుంది. ముందున్నవారు గాలిని అడ్డుకొంటే వెనుకవారికి ఆ శ్రమ బాగా తగ్గుతుంది. భర్త అలసినప్పుడు భార్య ముందుకు వచ్చి, ఆమె అలసినప్పుడు అతడు ముందుకు వచ్చి, వంతులవారీగా ఒకరి బరువును ఒకరు మోసినట్లే సాగవచ్చు. శామీర్‌పేట చెరువుకట్ట చేరేవరకు ఈ ఒప్పందం చక్కగా సాగుతుంది. కట్టమీద కాసేపు ఆగితే నీటిపై మంచుతెర, అంచుల్లో కొంగలు కనిపిస్తాయి. వెంట తెచ్చుకొన్న ఇడ్లీల పొట్లం విప్పటానికి ఇదే తగిన చోటు. ఆ ఇడ్లీలతో కొంచెంసేపటికి ఒక లెక్క కూడా చేయవలసి ఉంది.

కీసర చేరి గుట్టవైపు మలుపు తిరిగేసరికి ఒప్పందం చెల్లకుండా పోతుంది. గుట్టపైనున్న రామలింగేశ్వరాలయం వరకు తారురోడ్డు ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు పడిపోతుంది. అంత తక్కువ వేగంలో గాలి అడ్డే కాదు. కనుక ముందువారి చాటున దాగటంవల్ల వెనుకవారికి ఒరిగేదేమీ లేదు. ఇక్కడ శత్రువు భూమ్యాకర్షణ. ఎవరి బరువును వారే పైకెత్తుకోవాలి. ఎంత ప్రేమ ఉన్నా ఒకరి బరువులో పిసరంతైనా మరొకరు పంచుకోలేరు. చదును నేలమీద ఇద్దరిని కలిపిన సైకిలే ఎత్తుబాటలో ఇద్దరినీ విడదీస్తుంది.

మనిషి, సైకిలు కలిసి 80 కిలోల బరువున్నారనుకొంటే, ఆ బరువును నిలువుగా 100 మీటర్లు ఎత్తటానికి కావలసిన శక్తి ఇంచుమించు 78 వేల జౌళ్ళు, అంటే సుమారు 19 కిలోకేలరీలు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో నాలుగోవంతుకు మించి పనిగా మార్చలేవు. తక్కినది వేడిగా, చెమటగా పోతుంది. ఆ నష్టాన్ని కలుపుకొన్నా అయ్యే ఖర్చు ఒకటి రెండు ఇడ్లీల శక్తికి మించదు. ఇంత స్వల్పమైన దానికి గుండె దడదడలాడటమెందుకు? సమాధానం కాలంలో ఉంది. ఆ వంద మీటర్ల ఎత్తును పది నిమిషాలలో ఎక్కదలచినవారు క్షణక్షణానికి 130 వాట్ల చొప్పున పనిచేయాలి. ఇరవై నిమిషాలు తీసుకొంటే 65 వాట్లు చాలు. పని ఒక్కటే, దానిని పరచుకొనే కాలమే వేరు.

కాలాన్ని ఇలా పరచుకొనేందుకు తోడ్పడేది గేరు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక దానికి 18 పళ్ళు ఉన్న మామూలు సైకిలులో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరిగి, బండి ఐదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ముందు 28, వెనుక 32 పళ్ళున్న గేరులో అదే చుట్టుకు రెండు మీటర్లు మించి కదలదు. అడుగు చిన్నదవుతుంది, కాలిపై భారం తగ్గుతుంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కటానికీ, ఒక్కొక్కటే ఎక్కటానికీ గల భేదమే ఇది. గేర్లు లేని సైకిలుపై వచ్చినవారు దిగి నడిపించుకొంటూ పోవటంలో చిన్నతనమేమీ లేదు.

ఇద్దరిలో వెనుకబడేది భార్యేనన్న నియమం లేదు. తక్కువ బరువున్నవారికి ఎత్తులో కొంత మేలు ఉంటుంది. అయితే ఎవరో ఒకరు వెనుకబడటం మాత్రం తప్పదు. అప్పుడు జరిగే ఒక చిన్న అన్యాయాన్ని అనుభవజ్ఞులు బాగా ఎరుగుదురు. ముందు చేరినవారు పైన కూర్చుని, నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకొంటూ ఎదురుచూస్తారు. వెనుకవారు రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే, "వచ్చావా? ఇక పోదామా!" అంటారు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దక్కదు. ఇలాంటి యాత్రలలో జంటల మధ్య వచ్చే తగవులలో సగం ఈ ఒక్క మాటతో పుట్టినవే అంటే అతిశయోక్తి కాదేమో. విరామం రెండోవారు వచ్చిన తరువాతనే మొదలైనట్లు లెక్కించటం ఒక మార్గం. ఎత్తు మొదలయ్యేచోట నెమ్మదిగా తొక్కేవారిని ముందుంచటం మరొకటి. బలమున్నవారు వెనుక ఉండి తమ ఉబలాటాన్ని అణచుకోవటం గుట్ట ఎక్కటంకన్న కష్టమైన పని.

ఈ చిక్కులన్నింటినీ గేర్లు మార్చుకొనే సౌకర్యం వాడుకలోకి రాని రోజుల్లో ఎదుర్కొన్న దంపతులున్నారు. అమెరికాకు చెందిన ఫానీ బులక్ వర్క్‌మన్, ఆమె భర్త విలియం హంటర్ వర్క్‌మన్ 1897లో భారతదేశంలో సైకిలు యాత్ర ప్రారంభించారు. ఆమె 1859లో జన్మించింది. అతడు ఆమెకన్న పన్నెండేళ్ళు పెద్ద, అనారోగ్యంవల్ల వృత్తిని విడిచిన వైద్యుడు. అంతకుముందే అల్జీరియా, స్పెయిన్ దేశాలలో సైకిళ్ళపై తిరిగిన ఆ జంట దక్షిణపు కొననుండి హిమాలయాల వైపు సాగుతూ దేవాలయాలను, పురాతన కట్టడాలను చూసింది. వారి యాత్రాగ్రంథం 1904లో వెలువడింది. తాము సైకిళ్ళపై పద్నాలుగు వేల మైళ్ళు, అంటే ఇరవైరెండు వేల కిలోమీటర్లకు పైగా తిరిగినట్లు ఆ గ్రంథం పేరులోనే చెప్పుకొన్నారు. కొన్ని రోజులలో నలభై వరకు పంచర్లు వేసుకోవలసి వచ్చింది. తిండి, నీరు దొరకని దినాలూ, ఎలుకలు తిరిగే గదులలో గడిపిన రాత్రులూ ఉన్నాయి.

1898 వేసవిలో ఎండలు తాళలేక వారు సైకిళ్ళను విడిచి హిమాలయాల దారి పట్టారు. ఆ తరువాతి పద్నాలుగేళ్ళలో ఆ పర్వతాలలో ఎనిమిది యాత్రలు చేశారు. వారి మధ్య ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఒక సంవత్సరం యాత్ర నిర్వహణ భార్యది, ఛాయాచిత్రాలు తీయటం, శాస్త్రపరిశీలన భర్తవి. మరుసటి సంవత్సరం ఆ పనులు తారుమారయ్యేవి. చదును దారిలో సైకిలువారు గాలికి ఎదురు నిలవటంలో వంతులు వేసుకొన్నట్లే, వీరు నాయకత్వంలో వంతులు వేసుకొన్నారు. 1906లో ఫానీ 6,930 మీటర్ల ఎత్తున్న పినకిల్ శిఖరాన్ని అధిరోహించింది. అప్పటికి మరే స్త్రీ అంత ఎత్తుకు చేరలేదు. 1912లో సియాచిన్ హిమానీనద ప్రాంతంలో, స్త్రీలకు ఓటుహక్కు కోరే పత్రికను చేతబట్టి ఆమె ఛాయాచిత్రం తీయించుకొన్నది. అమెరికాలో స్త్రీలందరికీ ఆ హక్కును రాజ్యాంగబద్ధం చేసిన సవరణ 1920లో గాని రాలేదు.

ఇంతటి దంపతుల రచనలలో మచ్చ లేకపోలేదు. తమ బరువులు మోసిన కూలీల గురించి వారు వ్రాసిన తీరులో చులకనభావం కనిపిస్తుంది. మంచుబాటలో మూటలు ఎత్తుకొన్న ఆ మనుషులు లేకపోతే వర్క్‌మన్ దంపతులకు ఏ శిఖరమూ దక్కేది కాదు. తమ బరువు తామే ఎత్తుకొన్నవారి గొప్పతనాన్ని మెచ్చుకొనేటప్పుడు, మిగిలిన బరువు ఎవరెత్తారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఆ ప్రశ్నకు కీసరగుట్ట తనదైన రీతిలో ఒక జవాబు దాచుకొని ఉంది. ఆలయ పరిసరాలలో శివలింగాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. శ్రీరాముడు పంపగా కాశీ నుండి లింగాలు తెచ్చిన హనుమంతుడు, తాను వచ్చేలోపే ప్రతిష్ఠ ముగిసిందని అలిగి వాటిని విసిరివేశాడని స్థలపురాణం. కేసరి పుత్రుడైన అతని పేర ఇది కేసరిగిరి అయి, క్రమంగా కీసరగా మారిందంటారు. ఆలస్యంగా చేరినవాని అలుకను గుట్టపేరుతో తీర్చిన ఈ కథను, వెనుకబడి వచ్చిన ఆ సైకిలు యాత్రికులు మనసారా మెచ్చుకొంటారు. పురాణాన్ని పక్కనపెడితే, ఇక్కడి తవ్వకాలలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయల్పడ్డాయి. ఇక్కడి ఒక బండపై 'తొలుచువాండ్రు' అన్న మాట చెక్కి ఉంది. రాతిని తొలిచే పనివారని దాని అర్థం. సుమారు ఐదో శతాబ్దికి చెందినదిగా భావించే ఈ చిన్న శాసనాన్ని, తెలంగాణలో దొరికిన తొలినాటి తెలుగు మాటలలో ఒకటిగా పండితులు పరిగణిస్తారు. అందులో రాజు పేరు లేదు, బిరుదులు లేవు. ఎండలో రాయి తొలిచినవారు మాత్రం ఉన్నారు.

దిగుడు దారిలో శ్రమ లేదుగాని ప్రమాదం ఉంది. అడుగు వేలంత వెడల్పైన టైరే నేలకు పట్టు. మలుపులో ఇసుక ఉంటే ఆ పట్టూ ఉండదు. కనుక బ్రేకును మలుపులో కాక, మలుపుకు ముందే నొక్కాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా బిగిస్తే వెనుక చక్రం పైకి లేచే ప్రమాదం ఉంది. రెండింటినీ కలిపి, విడిచి విడిచి నొక్కటం క్షేమం. ఎక్కేటప్పుడు ముందున్న నిదానస్తులు దిగేటప్పుడూ ముందుండటమే మేలు. వెనుకవారి కళ్ళు వారిని కాపాడుతూ ఉంటాయి. తిరుగుదారిలో ఎదురుగాలి వీస్తే మళ్ళీ వంతుల ఒప్పందం అమలులోకి వస్తుంది. శామీర్‌పేట చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అక్కడ రోడ్డుపక్క టీకొట్టు దగ్గర సైకిళ్ళకు స్టాండు వేసి, ఒకరు టీ చెప్పివచ్చేలోగా మరొకరు వెనుక చక్రం విప్పి, నీళ్ళ పళ్ళెంలో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడనుండి లేస్తున్నాయో వెదకుతూ కూర్చుంటారు.