వర్డ్ మాక్రోతో ఫైళ్ల తొలగింపు

ప్రశ్న: బోధన్‌లోని టైపింగ్ కేంద్రంలో పేరుకుపోయిన చెరకు రైతుల దరఖాస్తుల ఫైళ్లను, ఫోల్డర్లను వర్డ్ మాక్రోతో తొలగించవచ్చా?

జవాబు: తొలగించవచ్చు. మాక్రో, అంటే వర్డ్ తనంతట తానే అమలుచేసే ఆదేశాల వరుస, 'కిల్' ఆదేశంతో ఫైళ్లను తొలగిస్తుంది. 'ఆర్‌ఎం‌డిర్' ఖాళీ ఫోల్డర్‌ను మాత్రమే తీసివేస్తుంది కనుక, లోపలి ఫైళ్లతో సహా ఫోల్డర్ పోవాలంటే 'ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్'లోని 'డిలీట్‌ఫోల్డర్' అవసరమవుతుంది. వీటిలో ఏ మార్గాన పోయిన ఫైలైనా రీసైకిల్ బిన్‌లోకి చేరదు.

తెలుగు పేర్లున్న ఫైళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 'కిల్' యూనికోడ్‌ను గ్రహించదు; తెలుగు అక్షరాలు సాధారణంగా ప్రశ్నార్థకాలుగా మారతాయి, ప్రశ్నార్థకమేమో ఏ అక్షరానికైనా సరిపోయే గుర్తు, అందువల్ల కోరిన ఫైలు మిగిలి వేరొకటి చెరిగిపోయే ప్రమాదముంది. అటువంటి పేర్లకు పైన చెప్పిన 'ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్'లోని 'డిలీట్‌ఫైల్' తగినది.

2015లో మూతపడిన, బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ చక్కెర కర్మాగారానికి సంబంధించిన కార్మికుల, రైతుల అర్జీలు ఆ ఫోల్డర్లలో ఉంటే, అవి బకాయిలకు ఆధారం కాగలవు కనుక, వాటిని తొలగించడం ఎంతమాత్రం తగదు. మిగిలినవాటిని ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసి, మాక్రో తొలగించబోయే పేర్ల జాబితాను తెరపై చూపేలా రాసి, సరిచూసిన పిమ్మటే తొలగింపు ఆదేశాన్ని చేర్చాలి.