ఆట, చదువు – రెండు పడవలా, ఒకే పడవా?
(కాలేజీ ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలు చదువుని ఎలా నెట్టుకొస్తారు? ఒక పరిశీలన)



ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను ఫుట్‌బాల్ ఆడతాను, గోలీని. పోయిన సెమిస్టర్‌లో నాకు ఒక పేపరు ఉండిపోయింది. మార్కుల కాగితం ఇంటికి తీసుకెళ్లిన రోజున అమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. నా బూట్లు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా" అంది, అంతే.

అప్పటి నుంచి ఆ మాటే ఆలోచిస్తున్నాను. ఆట, చదువు నిజంగా రెండు పడవలేనా? ఆడుతూ చదివినవాళ్లు ఎలా చదివారు? పేపరు పోయింది ఆట వల్లా, నా పద్ధతి వల్లా? ఈ ప్రశ్నలకి దొరికిన జవాబులే ఈ వ్యాసం.

ఆడుతూ చదివినవాళ్లు

స్వతంత్ర భారతదేశపు మొదటి ఫుట్‌బాల్ కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల అబ్బాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మన జట్టు 2–1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. ఆ జట్టుకి నాయకుడైన ఆవో అప్పటికి కలకత్తాలో డాక్టరు చదువు చదువుతూ, మోహన్ బగాన్ క్లబ్‌కి ఆడేవాడు. చదువు పూర్తి చేసి, తన కొండలకే తిరిగి వెళ్లి, అక్కడ ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాడు. నాగాలాండ్ ఆరోగ్యశాఖ డైరెక్టర్ దాకా ఎదిగాడు. మనలాగే కొండ ప్రాంతం నుంచి వచ్చినవాడు కాబట్టి ముందు ఈయన గురించే చెప్పాను.

మన తెలుగు నేల మీద హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆడినవారు, ఆ తర్వాత బడిపంతులు. రహీమ్ సాబ్ శిక్షణలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఈయన కథే. పాఠం చెప్పడం తెలిసిన మనిషి కాబట్టే ఆట కూడా అంత బాగా నేర్పగలిగాడని నాకనిపిస్తుంది.

బ్రెజిల్ ఆటగాడు సోక్రటీస్ 1982 ప్రపంచ కప్‌లో తన దేశానికి కెప్టెన్. ఆయన కూడా వైద్యం చదివినవాడే. చదువుకునే రోజుల్లో తన వైద్య కళాశాల ఉన్న ఊరి క్లబ్‌కే ఆడాడు. చదువయ్యాక, 1978లో, పెద్ద క్లబ్ కొరింథియన్స్‌కి వెళ్లాడు. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. కాలేజీ ఒక చోట, గ్రౌండ్ ఇంకో చోట అయితే రోజులో సగం దారిలోనే పోతుంది.

ఇక అమ్మాయిల్లో నాదియా నాదిమ్. అఫ్ఘానిస్థాన్‌లో పుట్టింది. తాలిబన్లు తండ్రిని చంపేశాక తల్లి, అక్కచెల్లెళ్లతో కలిసి డెన్మార్క్‌కి శరణార్థిగా చేరింది. ఆ దేశం జట్టుకే ఆడింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, అమెరికా క్లబ్‌లలో ఆడుతూనే వైద్యం చదివి, 2022లో డాక్టరైంది. ఆమెకి కుదిరింది, మనకి కుదరదా అని నేను అనను. ఎవరి ఇబ్బందులు వాళ్లవి. కానీ అమ్మాయిలకి ఇది అయ్యే పని కాదు అనేవాళ్లకి ఈ పేరు చెప్పొచ్చు.

మన ఒడిశా సంగతి

ఫుట్‌బాల్ అంటే బెంగాల్‌దో కేరళదో అనుకుంటాం. అమ్మాయిల ఆట వరకూ మన ఒడిశాది కూడా పెద్ద పేరే. సస్మితా మాలిక్, శ్రద్ధాంజలి సామంతరాయ్ ఇద్దరూ ఒడిశా నుంచి భారత జట్టుకి ఆడినవాళ్లే. 2022లో పదిహేడేళ్లలోపు బాలికల ప్రపంచ కప్ మన దేశంలో జరిగినప్పుడు, భారత జట్టు ఆటలన్నీ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే ఆడింది. మనవాళ్లు మూడూ ఓడిపోయారు. అయినా ఆ జట్టులోని పిల్లలు మన వయసువాళ్లు, చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. 2023–24 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఒడిశా ఎఫ్.సి. అమ్మాయిలు విజేతలయ్యారు. విశ్వవిద్యాలయాల ఖేలో ఇండియా పోటీలు మొట్టమొదట 2020లో భువనేశ్వర్‌లోనే జరిగాయి.

తెలుగు అమ్మాయిల్లో నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడుతోంది. 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ క్లబ్‌కి కూడా ఆడింది. దారి ఉంది. కష్టమల్లా ఆ దారిలో చదువు జారిపోకుండా చూసుకోవడమే.

వారానికి 168 గంటలు

అందరూ "టైం లేదు" అంటారు. నేనూ అనేదాన్ని. ఒక ఆదివారం కాగితం మీద లెక్క వేశాను.

నిద్ర రోజుకి 8 గంటలు – వారానికి 56.
క్లాసులు రోజుకి 5, ఆరు రోజులు – 30.
ప్రాక్టీస్ పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, ఆరు రోజులు – 18.
రాకపోకలు రోజుకి 2, ఆరు రోజులు – 12.
ఇంటి పని రోజుకి 2 – 14.
స్నానం, తిండి, బట్టలు, మిగతావి రోజుకి 3 – 21.

మొత్తం 151. మిగిలినవి 17 గంటలు. అందులో అయిదు గంటలు కబుర్లకీ ఫోనుకీ పోయినా, 12 గంటలు చదువుకోవచ్చు. అంటే ఆరు రోజులు, రోజుకి రెండేసి గంటలు. కాబట్టి "టైం లేదు" అన్నది పూర్తి నిజం కాదు. ఉన్న టైం ముక్కలు ముక్కలుగా ఉంది, అదీ ఒళ్లు అలిసిపోయాక మిగిలింది. అసలు కష్టం అక్కడుంది.

ఇంకో మాట కూడా రాయకుండా ఉండలేను. ఆ పట్టికలో ఇంటి పని 14 గంటలు ఉంది చూశారా? మా తమ్ముడూ ఆడతాడు. వాడి పట్టికలో ఆ గడి ఖాళీ. గ్రౌండ్ నుంచి వచ్చాక వాడు పుస్తకం తీస్తాడు, నేను బిందె తీస్తాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. లెక్క వేసేవరకూ నాకూ కనబడలేదు.

పేపరు ఎక్కడ పోతుంది?

రోజూ చేసే ప్రాక్టీస్ వల్ల పేపరు పోదు. టోర్నమెంట్ వల్ల పోతుంది. ఎందుకంటే రోజూ చదువు కొంచెం తగ్గితే మర్నాడు పూడ్చుకోవచ్చు. టోర్నమెంట్‌కి వెళితే ఒక పాఠం మొదటి నుంచి చివరి దాకా మొత్తం పోతుంది. నాకు అదే జరిగింది. నేను జట్టుతో వెళ్లిన తొమ్మిది రోజుల్లో క్లాసులో ఛందస్సు మొదలైంది, అయిపోయింది కూడా. తిరిగొచ్చేసరికి అందరూ యతిస్థానాలు చెబుతున్నారు, నాకు గణాలే రావు.

హాజరు లెక్క కూడా చూద్దాం. సెమిస్టర్‌లో 90 పని దినాలు అనుకుందాం. 75 శాతం అంటే 68 రోజులు రావాలి. మానగలిగేవి 22. అంతర కళాశాలల పోటీకి ముందు శిబిరం ఒక వారం, పోటీ, ప్రయాణం కలిపి ఇంకో వారం – 14 అయ్యాయి. విశ్వవిద్యాలయం జట్టుకి ఎంపికైతే ఆ శిబిరం, పోటీ కలిపి మరో పదిహేను రోజులైనా పడుతుంది. 29 రోజులు! బాగా ఆడినమ్మాయే హాజరులో దెబ్బతింటుంది. మధ్యలో ఒక జ్వరం వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే కాలేజీ తరఫున వెళ్లిన రోజుల్ని హాజరుగా లెక్కించమని, వెళ్లే ముందే కాగితం పెట్టుకోవాలి. వచ్చాక పెడదాంలే అనుకుంటే అది ఎక్కడో ఆగిపోతుంది.

అమెరికాలో ఏం చేస్తారు?

అమెరికాలో 'కాలేజీ ఫుట్‌బాల్' అంటే వేరే ఆట. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. మనం ఆడేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. అక్కడ చాలా కాలేజీల ఆటల్ని ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ నడుపుతుంది. దాని నియమాలు రెండు నాకు నచ్చాయి. ఒకటి, ఆటల కాలంలో శిక్షణ వారానికి 20 గంటలు దాటకూడదు, ఒక రోజు పూర్తిగా సెలవు ఇవ్వాలి. రెండు, పెద్ద విభాగంలో ఆడేవాళ్లు రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. లేకపోతే ఆడనివ్వరు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. ఆట మీద కోట్ల డాలర్లు నడుస్తాయి కాబట్టి చదువు పేరుకే మిగిలిందన్న విమర్శ ఎప్పుడూ ఉంది. అయినా ఆ నియమాల వెనక ఉన్న ఆలోచన మంచిది. ఆటకి గంటల హద్దు, చదువుకి ఏటేటా మెట్టు. అమ్మాయిలకి ఆటల్లో సమాన అవకాశం వచ్చింది కూడా 1972 నాటి 'టైటిల్ నైన్' చట్టంతోనే. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడపిల్లల్ని వేరుగా చూడకూడదని ఆ చట్టం చెప్పింది.

డిగ్రీ ఎందుకు వదలకూడదు?

"ఆటల కోటాలో ఉద్యోగం వస్తుంది కదా, చదువెందుకు?" అనే మాట గ్రౌండ్‌లో తరచూ వినబడుతుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో ప్రతిభ గల క్రీడాకారుల్ని 5 శాతం వరకూ తీసుకోవచ్చు. ఫుట్‌బాల్ ఆ జాబితాలో ఉంది. రాష్ట్రానికి ఆడినవాళ్లతో పాటు, అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయానికి ఆడినవాళ్లూ అర్హులే. కానీ ఆ ఉద్యోగానికి కావలసిన చదువు ఉండి తీరాలి. అంటే ఆట సర్టిఫికెట్ తలుపు దాకా తీసుకెళుతుంది, లోపలికి వెళ్లాలంటే చదువు కాగితం కూడా చేతిలో ఉండాలి. పైగా మోకాలికి ఒక్క దెబ్బ తగిలితే ఆట ఏ రోజైనా ఆగిపోవచ్చు. డిగ్రీకి ఆ భయం లేదు.

నేను చేసి చూసినవి

1. టోర్నమెంట్‌కి ముందు: వెళ్లే ముందు రోజు మేడమ్‌ని ఒకటే అడగాలి, "ఈ పది రోజుల్లో ఏ పాఠం చెబుతారు?" అని. ఆ పాఠం ఒక్కసారి చదివి వెళితే, వచ్చాక అది పూర్తి కొత్తగా ఉండదు.

2. ఒక నోట్సు నేస్తం: తరగతిలో ఒక స్నేహితురాలితో ముందే మాట్లాడుకోవాలి. పది మందిని అడిగితే పది ముక్కలు దొరుకుతాయి. ఒక్కరి నోట్సు అయితే వరస తప్పదు. తిరిగొచ్చిన మూడు రోజుల్లోపు దాన్ని మన చేత్తో రాసుకోవాలి. ఫోనులో ఫోటో తీసుకుంటే చదివినట్టు కాదు, ఇది నా అనుభవం.

3. నడుస్తూ నేర్చుకునేవి: అన్నిటికీ బల్ల, కుర్చీ అక్కర్లేదు. గ్రౌండ్ చుట్టూ పరుగెడుతూ ఛందస్సు నేర్చుకున్నాను. మొదటి చుట్టు ఉత్పలమాల – భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం. రెండో చుట్టు చంపకమాల – న జ భ జ జ జ ర, యతి పదకొండు. మూడో చుట్టు శార్దూలం – మ స జ స త త గ, యతి పదమూడు. నాలుగో చుట్టు మత్తేభం – స భ ర న మ య వ, యతి పద్నాలుగు. నాలుగు చుట్లలో నాలుగు వృత్తాలు! మా జట్టు పిల్లలు నవ్వారు. ఇప్పుడు వాళ్లకీ వచ్చేశాయి.

4. తిరిగి చదవడం: కొత్తగా నేర్చుకున్నది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా మరిచిపోతామని జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే ఆదివారం అయిదు గంటలు ఒకేసారి కూర్చోవడం కన్నా రోజుకి అరగంట తిరగేయడం మేలు. ముక్కలైన టైం ఉన్న మనకి ఈ పద్ధతే సరిపోతుంది.

5. తిండి, నిద్ర: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే గ్రౌండ్‌లో ఊపిరి అందదు, పుస్తకం ముందు కళ్లు మూతలు పడతాయి. బద్ధకం అనుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మన కోరాపుట్ కొండల్లో చోళ్లకి, అదే మండియాకి, కొదవ లేదు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకలకి మంచిది. అంబలి తాగి గ్రౌండ్‌కి వెళ్లడం నామోషీ కాదు. రక్తానికి మాత్రం ఆకుకూరలు, గుడ్డు, డాక్టరు ఇస్తే ఐరన్ మాత్ర కూడా కావాలి.

చివరిగా

నాకు తెలిసినంతలో ఆట మానేసిన అమ్మాయిలు ఆట రాక మానలేదు. ఒక పేపరు పోయింది, ఇంట్లో వద్దన్నారు, అంతే. అబ్బాయి పేపరు పోతే "ఈసారి రాస్తాడులే" అంటారు. అమ్మాయి పేపరు పోతే ముందు బూట్లు అటకెక్కుతాయి. అందుకే ఒక్క పేపరు కూడా మనకి చిన్న విషయం కాదు.

తరగతిలో ఆడనివాళ్లకి నాదొక మనవి. జట్టు గెలిస్తే మీరూ చప్పట్లు కొడతారు కదా, ఈసారి దానితో పాటు నోట్సు కూడా ఇవ్వండి. మేడమ్‌లకీ సార్లకీ ఇంకో మనవి. టోర్నమెంట్ నుంచి వచ్చినవాళ్లకి తప్పిపోయిన పాఠం మీద వారంలో ఒక్క గంట కేటాయిస్తే చాలు, ఎంతోమంది నిలబడతారు.

నేను ఆ పేపరు మళ్లీ రాశాను. ఛందస్సు ప్రశ్న వచ్చింది, ఉత్పలమాలే! ఫలితాలు ఇంకా రాలేదు. పాసైతే బూట్లు నువ్వే దించుకో అంది అమ్మ. దించుకున్న రోజున మళ్లీ ఇదే గోడ మీద రాస్తాను.