అర్రే నుంచి లిస్ట్‌కు: మన పిల్లలు చదివే జావాలో ఒక పాఠం

మీ విరాళాలతో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు కాలేజీలో ఏం నేర్చుకుంటున్నారని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. ‘కంప్యూటర్లు’ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం మాకు తృప్తిగా ఉండదు. అందుకే ఈ సంచికలో జావా భాష నుంచి ఒక చిన్న పాఠం మీ ముందు పెడుతున్నాం. చూడటానికి ఒక్క పంక్తి వ్యవహారమే. కానీ అది తెలియకుండా రాసిన ప్రోగ్రాం, సాయం అందాల్సిన బిడ్డ పేరును చడీచప్పుడు లేకుండా వెనక్కి నెట్టేయగలదు.

జావా 1996లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ నుంచి వచ్చింది. సమాచారాన్ని వరుసగా పెట్టుకోవడానికి అందులో మొదటి నుంచీ ఉన్న సాధనం అర్రే. అరలున్న బీరువా లాంటిదనుకోండి. చేయించేటప్పుడే ఎన్ని అరలో చెప్పాలి. నలభై అన్నాక నలభై ఒకటో అర రాదు. మొదటి అర సంఖ్య సున్నా, చివరిది ముప్పై తొమ్మిది. లేని అర తెరవబోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది.

లిస్ట్ అలా కాదు. పేజీలు కలుపుకుంటూ పోయే రిజిస్టర్ లాంటిది. 1998లో వచ్చిన జావా 1.2లో, జాషువా బ్లాక్ రూపకల్పన చేసిన కలెక్షన్స్ విభాగంతో పాటు ఇది వచ్చింది. ఎక్కువగా వాడే అర్రేలిస్ట్ లోపల ఉండేది కూడా అర్రేయే. నిండగానే దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదాన్ని తీసుకుని, పాత పేర్లన్నీ అందులోకి మార్చుకుంటుంది. ఆ శ్రమ మనకు కనిపించదు.

ఇక అర్రేలో ఉన్నదాన్ని లిస్ట్‌గా మార్చడం. పాఠ్యపుస్తకం చెప్పే పంక్తి ఇది:

లిస్ట్<స్ట్రింగ్> జాబితా = అర్రేస్.యాజ్‌లిస్ట్(పేర్లు);

చాలామంది పిల్లలు ఇక్కడ కొత్త రిజిస్టర్ తయారైందనుకుంటారు. కాలేదు. పాత బీరువాకే రిజిస్టర్ అట్ట తొడిగారంతే. లోపల అవే అరలు. అందుకే ‘యాడ్’ అని కొత్త పేరు చేర్చబోతే, ఈ పని ఇక్కడ కుదరదని జావా మొండికేస్తుంది. ‘రిమూవ్’ అని పేరు తీసేయబోయినా అంతే. మొండికేస్తే మంచిదే, తప్పు వెంటనే తెలుస్తుంది. ‘సెట్’ అని ఒక పేరు మారిస్తే మాత్రం నోరెత్తదు. మార్పు నేరుగా అసలు అర్రేలో పడుతుంది.

దీనివల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఫీజు సాయానికి నలభై మంది పిల్లల పేర్లు వచ్చాయనుకోండి. కమిటీ పెద్దలు కూర్చుని ఎవరి అవసరం ఎక్కువో చూసి, ఆ వరుసలోనే పేర్లు రాశారు. ఉన్న నిధి ముప్పై మందికే సరిపోతుంది. నోటీసు బోర్డు మీద అక్షర క్రమంలో అంటిస్తే వెతుక్కోవడం సులువని, ప్రోగ్రాం రాసే కుర్రాడు పై పంక్తి వాడి, వచ్చిన లిస్ట్‌ను ‘సార్ట్’ చేశాడు. నోటీసు చక్కగా వచ్చింది. ఆ తర్వాత అదే ప్రోగ్రాం అసలు అర్రే నుంచి మొదటి ముప్పై పేర్లు తీసుకుంది. కానీ అవసరాన్ని బట్టి పెట్టిన వరుస అక్కడ చెరిగిపోయింది, అర్రే కూడా అక్షర క్రమంలోకి మారిపోయింది. తండ్రి లేని బిడ్డ రెండో స్థానంలో ఉన్నా, పేరు ‘హ’తో మొదలైనందుకు ముప్పై దాటి ఎక్కడో పడ్డాడు. తెర మీద ఒక్క హెచ్చరిక కూడా రాదు.

సరైన పద్ధతికి ఇంకో ముక్క చేర్చితే చాలు:

లిస్ట్<స్ట్రింగ్> నకలు = న్యూ అర్రేలిస్ట్<>(అర్రేస్.యాజ్‌లిస్ట్(పేర్లు));

ఇప్పుడు నిజంగా వేరే రిజిస్టర్ తయారైంది. చేర్చినా, తీసేసినా, వరుస మార్చినా పెద్దలు ఖాయం చేసిన అసలు వరుస అలాగే ఉంటుంది. అసలు ఎవరూ ముట్టుకోకూడని జాబితా కావాలంటే, 2017లో వచ్చిన జావా 9 నుంచి ‘లిస్ట్.ఆఫ్(పేర్లు)’ ఉంది. అది నకలు తీసి తాళం వేస్తుంది. ఖాళీ అర ఒక్కటున్నా ఒప్పుకోదు. ఆమోదం పొందిన జాబితాలకు ఇదే తగినదని మా అభిప్రాయం.

పేర్లకు బదులు రూపాయలుంటే మరో చిక్కు. అంకెల కోసం ‘ఇంట్’ రకం అర్రేలో 2000, 3500, 5000 పెట్టి, ‘అర్రేస్.యాజ్‌లిస్ట్(మొత్తాలు)’ ఫలితం సైజు అడగండి. మూడు రాదు, ఒకటి వస్తుంది. లిస్ట్‌లో ఆబ్జెక్టులే ఇముడుతాయి, ఉత్త ‘ఇంట్’ ఇమడదు. అందుకని జావా అర్రే మొత్తాన్ని ఒకే వస్తువుగా లోపల పెట్టేస్తుంది. అందులో 5000 ఉందా అంటే లేదంటుంది. లిస్ట్<ఇంటీజర్> అని ముందే రకం రాసి ఉంటే కంపైలరే ఆపేది. రకం తప్పకుండా రాయమని మన పిల్లలకు చెప్పేది ఇందుకే. దీనికి దారి ఇది:

అర్రేస్.స్ట్రీమ్(మొత్తాలు).బాక్స్‌డ్().టులిస్ట్()

ఒక్కో అంకెను పొట్లం కట్టి లిస్ట్‌లో పెడుతుందన్నమాట. చివరి మాట ‘టులిస్ట్’ 2021లో జావా 16తో వచ్చింది. పాత జావా 8 ఉన్న కంప్యూటర్‌లో దాని బదులు ‘కలెక్ట్(కలెక్టర్స్.టులిస్ట్())’ అని రాయాలి.

నకలు తీశాం కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఒక్కో అరలో పేరు మాత్రమే కాక, పేరు, తరగతి, మంజూరైన మొత్తం కలిసిన ‘విద్యార్థి’ ఆబ్జెక్టు ఉంటే, నకలు లిస్ట్‌లోకి వచ్చేది ఆ ఆబ్జెక్టు చిరునామా మాత్రమే. నకలులో ఒక విద్యార్థి మొత్తాన్ని 5000 నుంచి 500కు మారిస్తే అసలులోనూ 500 అవుతుంది. వరుస వేరైంది కానీ మనిషి ఒక్కడే. ఆ అంకెలు కూడా భద్రంగా ఉండాలంటే ప్రతి విద్యార్థికీ కొత్త ఆబ్జెక్టు చేసి వివరాలు ఎక్కించాలి, లేదా ఒకసారి రాశాక మార్చడానికి వీల్లేకుండా ఆ క్లాసునే ‘ఫైనల్’ ఫీల్డులతో రాయాలి.