హిందూపురమా, పెనుకొండా, ధర్మవరమా?

ప్రశ్న: బెంగళూరు నుంచి రైల్లో గుంతకల్లు వెళ్తూ నడుమ ఎక్కడ దిగితే మేలు?

జవాబు: మజిలీకి స్టేషను పరిమాణం కంటే చుట్టుపక్కల చూడదగినదేమిటన్నదే ప్రధానం కనుక, ఒక్కచోటే దిగగలిగినవారికి హిందూపురమే తగినది, అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయంలో, జనం అడుగున గుడ్డ దూర్చి చూసే వేలాడే స్తంభం కంటే, 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు మంటపం కప్పుపై వేసిన వర్ణచిత్రాలకే ఎక్కువ సమయం కేటాయించాలి. 1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా మారిన పెనుకొండలో గగన్ మహల్‌కు, కోటకు ఒక పూట చాలు. తిరుపతి వైపు లైను విడిపోయే ధర్మవరం, పట్టుచీరలు కొనదలచినవారికే. బ్రేక్ జర్నీ, అనగా ఒకే టికెట్టుపై నడుమ దిగి మళ్లీ ఎక్కే వెసులుబాటు, 500 కిలోమీటర్లు మించిన టికెట్లకే వర్తిస్తుంది కనుక, ఈ దారిలో ప్రతి మజిలీకీ విడిగా టికెట్టు కొనాలి.