బ్యాటరీ ఆయువు - దానిని కాపాడుకొను విధము

విద్యార్థులారా,

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మన పాఠశాలలోని టాబ్లెట్లను భద్రపరచు పని మాకు అప్పగింపబడెను. ఏ వస్తువునైనను నిండుగా ఉంచి దాచుట మేలని తలంచి, మేము వానినన్నిటిని నూటికి నూరు పాళ్లు ఛార్జి చేసి, రేకుల కప్పు గల గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళము వేసితిమి. జూన్ నెలలో తెరచి చూడగా రెండింటి వీపులు ఉబ్బి, అద్దములు పైకి లేచియుండెను. మిగిలినవి వెలిగినవి గాని, మునుపు సాయంకాలము వరకు పనిచేసినవి ఇప్పుడు మధ్యాహ్నపు గంట కొట్టకముందే ఆరిపోవుచుండెను. వానిని ఎవరును క్రింద పడవేయలేదు. ఎవరును నీట తడుపలేదు. పాడుచేసినది మా తెలియమియే. మేము నష్టపడి నేర్చిన దానిని మీరు నష్టపడకుండ నేర్చికొందురుగాక యని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. ఒకసారి ఛార్జి చేసిన పిమ్మట ఫోను ఎన్ని గంటలు నడచుననునది యొక ప్రశ్న. ఆ బ్యాటరీ ఎన్ని సంవత్సరములు బ్రదుకుననునది వేరొక ప్రశ్న. కుండలోని నీరు తరిగినచో మరల పోసికొనవచ్చును. కుండయే ఏటేట చిన్నదగుచుండినచో ఎంత పోసినను ప్రయోజనమేమి? మన బీరువాలో చిన్నవైనవి కుండలే.

ఇది యెట్లు జరుగును? 1800వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా తొలి విద్యుద్ఘటమును నిర్మించినది మొదలు పలువిధములైన బ్యాటరీలు పుట్టినవి. నేడు ఫోన్లలోను, టాబ్లెట్లలోను, లాప్‌టాప్‌లలోను ఉండునది లిథియము అయాను బ్యాటరీ. ఇది 1991లో జపాను దేశమునుండి అంగళ్లకు వచ్చెను. దీనికి పునాది వేసిన విట్టింగ్‌హామ్, గుడెనఫ్, యొషినో అను మువ్వురకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడెనఫ్ గారి వయస్సు 97 ఏండ్లు.

ఈ బ్యాటరీలో ఒక ప్రక్క గ్రాఫైటు, మరియొక ప్రక్క లిథియము గల లోహపు ఆక్సైడు, నడుమ ఒక ద్రవము ఉండును. ఛార్జి చేయునప్పుడు లిథియము అయానులు ఆ ద్రవమునుండి ఈది వచ్చి, పుస్తకపు పుటల నడుమ దూరినట్లు గ్రాఫైటు పొరల నడుమ దూరును. ఫోను వాడునప్పుడు తిరిగి తమ చోటికి పోవును. ఈ రాకపోకలలో గ్రాఫైటు మీద ఒక పలుచని పొర యేర్పడి, కాలక్రమమున దళసరి యగుచుండును. దానిలో చిక్కిన లిథియము మరల పనికి రాదు. బ్యాటరీ ముసలిదగుట యనగా ముఖ్యముగా నిదియే. నిండు ఛార్జిలో ఘటపు వోల్టేజి 4.2 వరకు పెరుగును; అప్పుడు లోపలి ద్రవము చెడుట త్వరపడును. వేడిమి తోడైనచో మరింత త్వరపడును. అట్లు చెడిన ద్రవమునుండి పుట్టు వాయువే బ్యాటరీని ఉబ్బించును.

ఒక సంవత్సరము వాడక దాచిన బ్యాటరీలను గూర్చిన లెక్కను చూడుడు. 25 డిగ్రీల చల్లదనమున, నూటికి 40 పాళ్ల ఛార్జితో ఉంచినది సుమారు 96 పాళ్ల శక్తిని నిలుపుకొనును. అదే చల్లదనమున నిండు ఛార్జితో ఉంచినది 80 పాళ్లకు దిగును. 40 డిగ్రీల వేడిలో 40 పాళ్ల ఛార్జితో ఉంచినదానికి 85 పాళ్లు మిగులును. అదే వేడిలో నిండు ఛార్జితో ఉంచినదానికి 65 పాళ్లు మాత్రమే మిగులును. ఈ నాలుగింటిలో చెడ్డదానిని ఏరి మేము మన టాబ్లెట్లకు విధించితిమి. మే నెలలో మన తెలుగు జిల్లాలలో నీడపట్టుననే 40 డిగ్రీలు దాటు దినములు కలవు. రేకుల క్రింద ఇనుప పెట్టెలో నెంత యుండునో మీరే యూహింపుడు.

ఇక ఒక పాత మాటను గూర్చి చెప్పవలెను. బ్యాటరీని పూర్తిగా ఆరిపోనిచ్చి, పిమ్మట నిండుగా ఛార్జి చేయవలెనని పెద్దలు కొందరు చెప్పుదురు. వారి మాట అబద్ధము కాదు. అది పూర్వపు నికెల్ కాడ్మియము బ్యాటరీలకు తగిన మాట. లిథియము బ్యాటరీకి అట్టి ఆవశ్యకత లేదు, సరికదా హాని కలదు. నేడు సగము, రేపు సగము ఖర్చుచేసి నింపినచో ఆ రెండును కలిసి ఒక్క చక్రముగానే లెక్కకు వచ్చును. కావున కొంచెము కొంచెముగా పలుమారులు నింపుటకు భయపడనక్కరలేదు. 2025 జూన్ నెలనుండి ఐరోపా సమాఖ్యలో అమ్ము ఫోన్ల బ్యాటరీలు 800 చక్రముల పిమ్మటను 80 పాళ్ల శక్తి నిలుపుకొనవలెనని నియమము వచ్చినది.

పైని చెప్పినదానినుండి తేలు నియమములివి:

1. దినదినము 20 పాళ్లకును 80 పాళ్లకును నడుమ ఉంచుట మేలు. ప్రయాణము వంటి యవసరము కలిగినప్పుడు నూరు పాళ్లు నింపుటలో దోషము లేదు. అనేక ఫోన్లలోను లాప్‌టాప్‌లలోను 80 పాళ్లకడ ఆపు ఏర్పాటు కలదు, దానిని వాడుకొనుడు.

2. ఎండలోను, మూసిన కారులోను, పొయ్యి ప్రక్కను ఉంచరాదు. ఛార్జి చేయునప్పుడు చేతికి వేడి తగిలినచో పైతొడుగు తీసివేయవలెను.

3. దిండు క్రిందను, పరుపు మీదను పెట్టి ఛార్జి చేయరాదు. వేడి పోవుటకు దారి యుండదు.

4. చాల దినములు దాచవలసినచో సగము ఛార్జి చేసి, పూర్తిగా ఆపివేసి, చల్లని చోట ఉంచి, నడుమ నడుమ చూచుచుండవలెను.

5. ఒక దినపు ఛార్జి ఎక్కువ గంటలు వచ్చుటకు తెర వెలుగును తగ్గింపుడు. సిగ్నలు అందని చోట ఫోను మిక్కిలి శ్రమపడి స్తంభమును వెదకుచుండును. అట్టి చోట విమానపు గుర్తును నొక్కుడు.

6. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, పొడువరాదు, మరల ఛార్జి చేయరాదు, చెత్తలో వేయరాదు. అది మండగలదు. మరమ్మతు తెలిసినవారికి అప్పగింపవలెను. పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులదని మన దేశమున 2022లో నియమములు ఏర్పడినవి.

తలిదండ్రులకు ఒక మాట. 5000 మిల్లీ యాంపియర్ గంటల ఫోనును ప్రతిదినము నిండుగా ఛార్జి చేసినను, సంవత్సరమునకు ఖర్చగు కరెంటు 10 యూనిట్లకు లోపే. ప్రియమైనది కరెంటు కాదు, బ్యాటరీ. మన పిల్లలలో ననేకుల యిండ్లలో ఉన్నది ఒక్కటే ఫోను. పగలు తండ్రి దానిని పనికి కొనిపోవును. రాత్రి బిడ్డ దానిలో పాఠము చూచును. అది రెండేండ్లకే చెడినచో నష్టపోవునది ఆ రాత్రి చదువే. ఆ ఫోను మరి రెండేండ్లు నిలిచినచో నొక క్రొత్త ఫోను వెల యింటనే మిగులును.

విద్యార్థులారా, ఇంట నొక పరీక్ష చేయుడు. ఒక వారము దినములు, ఉదయము బయలుదేరునప్పుడు ఎన్ని పాళ్లున్నదియు, సాయంకాలము ఎన్ని మిగిలినదియు, ఛార్జి చేయునప్పుడు వేడెక్కినదియు లేనిదియు పుస్తకమున వ్రాసికొనుడు. రెండవ వారము ఈ నియమములను పాటించి మరల వ్రాయుడు. రెండు పట్టికలను తరగతికి తెండు, కలిసి పరిశీలింతము.

ఈ వేసవికి మన టాబ్లెట్లను సగము ఛార్జితో, ఆఫీసు గదిలో, గోడకు దూరముగా, కొయ్య అలమరలో ఉంచితిమి. నెలకొకసారి తెరచి చూచు భారమును తొమ్మిదవ తరగతి బాలబాలికలు తామే కోరి తీసికొనిరి. జూన్ నెలలో నేమి జరిగినదియు రాబోవు సంచికలో మీకు తెలియజేయుదుము.