చెవిలో హోరు, తలతిప్పు: హిజామాకు ముందు చూడవలసినవి



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మేము పెట్టే హిజామా శిబిరాలకు ఎక్కువగా వచ్చేది నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు. ఆ తర్వాత వినిపించే మాటలు రెండు: "చెవిలో గుయ్యిమంటోంది", "లేస్తే తల తిరుగుతోంది". ఈ బాధలకు హిజామా ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగాలి? శిబిరాలు మీ సొమ్ముతో నడుస్తున్నాయి కనుక ఈ విషయం మీకు చెప్పడం మా బాధ్యత.

దైవప్రవక్త ముహమ్మద్ (స) హిజామా చేయించుకున్నారనీ, చేసిన వ్యక్తికి కూలి ఇచ్చారనీ హదీసుల్లో ఉంది. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో దీన్ని వివరించారు. హైదరాబాదు నిజామియా తిబ్బీ కళాశాలలోనూ, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాలలోనూ చదివే వైద్య విద్యార్థులు దీన్ని నేర్చుకుంటారు. పూర్వం కొమ్ముతో గాలి పీల్చేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ కప్పు పెట్టి చేతి పంపుతో గాలి తీస్తారు. కప్పు మాత్రమే పెడితే పొడి హిజామా. చర్మంపై సన్నని గాట్లు పెట్టి కొద్దిగా రక్తం తీస్తే తడి హిజామా.

చెవి హోరు ఒక జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. చెవిలో గులిమి గట్టిపడినా హోరు వస్తుంది. గులిమి తీస్తే తగ్గిపోతుంది. గ్రానైట్ కోత యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తే లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ వైద్యానికి పేరుపొందింది. ఆ క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ సూది కూడా కొందరిలో వినికిడిని దెబ్బతీయగలదు.

తలతిప్పుకూ అలాగే ఎన్నో కారణాలు ఉన్నాయి. రక్తహీనత, బీపీ హెచ్చుతగ్గులు, షుగరు పడిపోవడం వాటిలో కొన్ని. పక్క మీద ఒత్తిగిలగానే గిర్రున తిరిగితే, లోపలి చెవిలో ఉండే సన్నని సున్నపు రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. అలాంటప్పుడు డాక్టరు రోగిని పడుకోబెట్టి, తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పుతారు. చాలామందికి ఒకటి రెండు సార్లకే నయమవుతుంది. ఆ పని కప్పు చేయలేదు.

మరి హిజామా ఏం చేస్తుంది? మెడ, భుజాల కండరాలు బిగుసుకున్నవారికి కొంత సడలింపు ఇస్తుంది. తల బరువు తగ్గినట్టుందని కొందరు చెబుతారు. పరిశోధనలు జరిగింది ఎక్కువగా నొప్పుల మీదే. చెవి హోరు, తలతిప్పు దీనితో నయమవుతాయని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. అందుకే దీన్ని వైద్యానికి తోడుగానే చూడాలి, బదులుగా కాదు.

ఈ పాఠం మేము తప్పు చేసి నేర్చుకున్నాం. పుంగనూరు శిబిరంలో ఒక పెద్దాయన తలతిప్పు అంటూ వచ్చారు. రద్దీలో ఆయన వాడే మందులేమిటో అడగలేదు. తడి హిజామా చేశాక రక్తం తొందరగా ఆగలేదు. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని అప్పుడు తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

అప్పటినుంచి మా నియమాలు ఇవి:

1. ముందు బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూడాలి. వాడే మందులు రాసుకోవాలి.

2. రక్తం పలచబడే మందులు వాడేవారికి, రక్తహీనత ఉన్నవారికి, గర్భిణులకు తడి హిజామా చేయకూడదు.

3. యునానీ డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్న వైద్యులే చేయాలి. బ్లేడు, కప్పులు, చేతి తొడుగులు ఒక్కొక్కరికి కొత్తవి వాడాలి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రక్తం ద్వారా కూడా పాకుతాయి.

4. చెవి హోరు ఉన్నవారిని మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

5. తలతిప్పుతో పాటు మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి కాలు పడిపోవడం కనిపిస్తే కప్పు ముట్టకుండా 108కి ఫోన్ చేయాలి.

6. డాక్టరు ఇచ్చిన బీపీ, షుగరు మాత్రలు మానమని ఎవరికీ చెప్పకూడదు.

ఇలా చేస్తే ఒక రోజులో చూసే రోగుల సంఖ్య తగ్గుతుంది. వచ్చే ఏడాది మా నివేదికలో హిజామా లెక్క చిన్నదిగా కనిపిస్తే దయచేసి దాన్ని లోటుగా చూడకండి. పరీక్ష చేసి పెద్దాసుపత్రికి పంపిన ప్రతి రోగినీ సేవ అందినవారి లెక్కలోనే వేయండి. మీరిచ్చే సదఖాతో బీపీ యంత్రాలు, చెవి చూసే పరికరం కొంటాం. జకాత్ సొమ్మును అర్హులైన పేద రోగుల చేతికే, మందులకూ ప్రయాణానికీ ఇస్తాం.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.