చివరి మాట మింగకు

చిట్టీ,

ఏటికొప్పాక లక్కబొమ్మల మీద నువ్వు తీసిన వీడియో నిన్న రాత్రి అత్తయ్యా నేనూ చూశాం. కెమెరా పనికి వంక పెట్టను. నేను చెప్పాల్సిందల్లా గొంతు గురించే.

"వీటికి బ్రష్షుతో రంగు వెయ్యరు" అని చదివావు. "వెయ్య" దాకా వినబడింది, ఆ తర్వాత గాలి. వేస్తారా, వెయ్యరా అని అత్తయ్య నన్నడిగింది. మన వాక్యంలో అవునో కాదో తేలేది చివర క్రియ దగ్గరే. సరిగ్గా అక్కడికి వచ్చేసరికే ఊపిరి అయిపోతుంది. టైమ్‌లైన్‌లో వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూడు, నీ ప్రతి వాక్యమూ బల్లి తోకలా సన్నబడి ఉంటుంది. ఆ తోకకు గెయిన్ పెంచుదామనుకోకు. మాటతో పాటు ఫ్యాను రొద కూడా లేస్తుంది. మందు స్క్రిప్టులో ఉంది. తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క ఒత్తడం, రాపిడి వేడికి అది కరిగి పట్టుకోవడం, ఆ రంగులు మొక్కల నుంచి తీయడం, అన్నీ ఒకే వాక్యంలో కుక్కావు. దాన్ని మూడు వాక్యాలు చెయ్యి. క్రియల కింద గీత గీసుకుని చదువు. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) వచ్చిన 2017 దగ్గర తడబడ్డావు. చదివే కాగితం మీద అంకె కాదు, "రెండు వేల పదిహేడు" అని అక్షరాల్లో ఉండాలి.

ఇక రికార్డింగు సంగతి. ఎడిటింగుకు వాడే ప్రీమియర్‌లో ట్రాక్ పక్కనున్న మైకు గుర్తు నొక్కేస్తున్నావు, అంతేగా? దాని మీద రైట్ క్లిక్ చేస్తే వాయిస్ ఓవర్ సెట్టింగులు వస్తాయి. ప్రీరోల్ మూడు సెకన్లు పెట్టు. రికార్డింగు మొదలయ్యే ముందు ఆ మూడు సెకన్లలో వెనకటి వాక్యం చెవిలో పడితే అదే శ్రుతిలో అందుకుంటావు. ఒకప్పుడు మద్రాసు కోడంబాకం సినిమా స్టూడియోల్లో డబ్బింగుకు ఫిల్ము ముక్కను లూపుగా చుట్టి, టేకు ఓకే అయ్యేదాకా తిప్పేవారు. ఇప్పుడు ఆ స్టూడియో ఖర్చు లేదు, ఒక్కో వాక్యం నచ్చేదాకా చదువుకో. ఆడియో ప్రిఫరెన్సుల్లో రికార్డింగప్పుడు ఇన్‌పుట్ మ్యూట్ చేసే టిక్కు కూడా పెట్టు, లేకపోతే నీ గొంతే స్పీకర్లోంచి మళ్ళీ మైకులోకి దూరి కూత పెడుతుంది.

హెడ్‌ఫోన్ వైరుదే వాడు. బ్లూటూత్‌ది మైకుగా పనిచేసేటప్పుడు గొంతు ఫోన్లో మాట్లాడినట్టుంటుంది, ఆలస్యం వేరే. మైకు జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా ఉంటే ఫ, భ లు దానికి గుద్దుకోవు. ఎంత గట్టిగా చదివినా మీటరు మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకూడదు. పరుపులూ బట్టల బీరువా ఉన్న గదే నీ స్టూడియో. ఫ్యాను ఆపి, అర నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యి, అతుకుల మధ్య పరచడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి. లక్క కర్రకు తగిలినప్పుడు లేత్ మిషను చప్పుడు ఎంత బాగుందో! దాని మీద ఎందుకు మాట్లాడావు? పనివాడి చెయ్యి కనబడుతుంటే "ఇప్పుడు లక్క ఒత్తుతున్నాడు" అని చెప్పక్కర్లేదు. అక్కడ పది సెకన్లు నోరు మూసుకో.

మొదటి రెండు నిమిషాలు మళ్ళీ చదివి, మ్యూజిక్ కలపకుండా వేవ్ ఫైలుగా పంపు. అత్తయ్యకు వీడియో చూపించకుండా వినిపిస్తాను.

మీ మామయ్య